అరవై రెండో పేజీ తర్వాత

నా చిన్నప్పుడు ఛత్రినాకలో మా గల్లీ మొత్తానికీ నేనొక నవ్వులాట. పదకొండేళ్ల ఆడపిల్ల బడి నుంచి రాగానే పుస్తకం పట్టుకొని కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు. కానీ నా చేతిలో ఉన్నది బర్రెల పుస్తకం. కథలు కాదు, పాటలు కాదు, దేవుడి చరిత్ర అసలే కాదు. బర్రెను ఎలా మేపాలి, ఈగలు ముసిరితే ఏం పొగ వెయ్యాలి, కొమ్ముల వంపు చూసి గుణం ఎలా చెప్పాలి, ఇదీ అందులోని సంగతి. పదహారు బర్రెలు కట్టేసి ఉన్న ఇంట్లో పుట్టి బర్రెల గురించి చదువుకునే పిల్లను చూస్తే ఎవరికి మాత్రం నవ్వు రాదు? "మీ పిల్ల బాయిల ఉండి నీళ్ల బొమ్మ చూస్తున్నదే" అని పక్కింటి అక్క మా అమ్మను ఆటపట్టించేది.

ఆ పుస్తకం మా ఇంటికి చిత్తుకాగితాల మూటలో వచ్చింది. అమ్మగా మిగిలిన పాలను మా బాపు కోవా కాచేవాడు. ఆ కోవా పొట్లాలు కట్టడానికి పాత కాగితాలు తెచ్చేవాడు. ఒకరోజు ఆ మూట విప్పుతుంటే అట్ట లేకుండా, మొదటి పేజీలు ఊడిపోయి, అంచులు పురుగు కొట్టిన ఈ పుస్తకం నా ఒళ్లో పడింది. ఎవరు రాశారో, ఏ ఊరివారో, పుస్తకం పేరేమిటో ఈనాటికీ నాకు తెలియదు. బడిలో మా టీచరమ్మకు చూపిస్తే రెండు పేజీలు తిప్పి, ఒకసారి వాసన చూసి, చేతులు కడుక్కొని తిరిగి ఇచ్చేసింది.

నాకు మాత్రం ఆ రాసినాయన ప్రాణమయ్యాడు. పాతకాలపు గ్రాంథికంలో రాసేవాడు, బర్రెను మహిషి అనేవాడు. గాలికుంటు వ్యాధి గురించి గంభీరంగా చెబుతూ చెబుతూ ఉన్నట్టుండి ఆగి, "మా నల్ల మహిషి పోయిన నాడు నేనన్నము ముట్టలేదు. ఇది గ్రంథమునకు సంబంధింపని విషయము. పాఠకులు మన్నింతురు గాక" అని రాసి, మళ్లీ ఏమీ జరగనట్టు మందుల్లోకి వెళ్లిపోయేవాడు. ఆ చోటు చదివినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. ఇంత మంచి మనిషిని మా వాళ్లెవరూ ఎరగరు కదా అని మొదట్లో బాధపడ్డాను. పోనుపోను ఆ బాధ గర్వమైంది. ఆయన నా ఒక్కదాని కోసమే రాశాడని నమ్మాను, నాకు అర్థమైందే ఆయన మాట అనుకున్నాను. నా కొంప ముంచింది ఆ గర్వమే.

బాపుకు ఆ పుస్తకమంటే మంట. ఆయన చెడ్డవాడు కాదు, తెల్లారకముందే లేచి పదహారు బర్రెల చాకిరీ చేసే మనిషి. నేను పేడ తియ్యాల్సిన వేళ పుస్తకంలో తల పెట్టుకొని ఉంటే ఆయనకు ఒళ్లు మండదా? "సదువుతె బడి పుస్తకం సదువు. గిది ఇంకోపారి నీ చేతుల కనబడ్డదంటే కోవా పొయ్యిల పెడ్త" అన్నాడు ఒకరోజు. ఆయన అన్నాడంటే చేసేవాడు. అప్పటి నుంచి పుస్తకాన్ని జాకెట్టు కింద లంగా బొందులో దోపుకొని తిరిగేదాన్ని. బాపు అడుగుల చప్పుడు వింటే చాలు, పేడ తట్ట అందుకునేదాన్ని.

మా బర్రెల్లో చుక్క అనేది ఒకటుండేది. నుదుట తెల్లమచ్చ ఉందని ఆ పేరు. ఈని రెండు నెలలైనా కాలేదు, పాలు సగానికి పడిపోయాయి. "బోనాలు అయినంక దీన్ని సంతకు తోలుడే" అన్నాడు బాపు. ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. చుక్కను తోలుకుపోతే పాలు తాగే దాని దూడ ఏమవుతుంది? ఆ రాసినాయన్నే అడుగుదామని పుస్తకమంతా వెతికాను. అరవై రెండో పేజీ అడుగున దొరికింది: "ఈనిన మహిషికి వండిన యన్నము పెట్టిన యెడల పాలు వృద్ధియగును." అక్కడికి వాక్యం అయిపోయింది. పక్క పేజీలో ఈగల బాధ మొదలవుతుంది. ఇంతకంటే తేటగా ఎవరు చెబుతారు! చుక్క పాలు పెరుగుతాయి, దాన్ని అమ్మరు, నా పుస్తకం గొప్పదని బాపుకు తెలిసొస్తుంది. నా సంబరం పట్టపగ్గాల్లేకుండా పోయింది.

మా గల్లీలో ఒక ఆనవాయితీ ఉండేది. అమ్మవారికి ఎక్కించిన బోనం అన్నం చెత్తలో పడకూడదు, ఎవరి కాలి కిందా పడకూడదు. అందుకని చుట్టాలు తినగా మిగిలిన అన్నాన్ని ఇంటింటివాళ్లూ మా కొట్టానికి తెచ్చి ఇచ్చేవాళ్లు. మా తాత దాన్ని అందుకొని, బర్రెలకు తలా ఒక పిడికెడు ప్రసాదంలా పెట్టి, మిగిలింది మిద్దె మీద ఎండబోసేవాడు. ఏటా చూస్తూనే ఉన్నాను. కానీ తాతకు చదువు రాదు కదా, పాపం ఆయనకేం తెలుసు అనుకున్నాను. ఎంత పొగరు చూడండి!

బోనాల ఆదివారం మధ్యాహ్నం అందరూ గుడికి బయలుదేరుతుంటే నేను కడుపునొప్పి అని పడుకున్నాను. వాళ్లు గల్లీ మలుపు తిరగగానే లేచి కొట్టంలో కూర్చున్నాను. ఒకరి తర్వాత ఒకరు గిన్నెలు, తపేలాలు తెచ్చి అన్నం ఇచ్చి వెళ్లారు. ఎవరిది వాళ్లు కొంచెమే తెచ్చారు, నా దగ్గర మాత్రం రెండు బకెట్లు నిండాయి. రెండూ తీసుకెళ్లి చుక్క తొట్టిలో కుమ్మరించాను. అది తోక ఊపుతూ తింటుంటే నాకెంత ఆనందమో చెప్పలేను. తొట్టి నాకి తలెత్తి నా వైపు చూసింది. ఆ పూట నిజంగా నేనే డాక్టర్ననుకున్నాను. గుడి నుంచి అలసి వచ్చిన మావాళ్లెవరూ ఆ రాత్రి అన్నం మాట ఎత్తలేదు.

సోమవారం పొద్దున పాలు పిండటానికి వెళ్లిన బాపు కేకకు ఇల్లంతా లేచింది. చుక్క లేవడం లేదు. ఎడమ పక్క పొట్ట ఉబ్బిపోయి ఉంది. నెమరు లేదు, పళ్లు కొరుకుతోంది, దూడ అరుస్తున్నా చెవి కదపడం లేదు. నేను గడప దగ్గరే ఆగిపోయాను. బాపు నా వైపు తిరిగాడు.

"నిన్న ఇంట్ల ఉన్నది నువ్వే. ఏం పెట్టినవే దీనికి?"

"గడ్డి, బాపు."

ఆ అబద్ధం నోట్లోంచి దానంతటదే వచ్చింది. చుక్క చస్తుందన్న భయం ఉంది, లేదనను. కానీ సిగ్గు విడిచి చెబుతున్నా, ఆ క్షణంలో అంతకంటే ముందు పుట్టిన భయం పుస్తకం గురించి. అన్నం అంటే ఎందుకు పెట్టావంటాడు. పుస్తకం చెప్పిందంటే అది పొయ్యిలోకి పోతుంది. కళ్ల ముందు బర్రె మూలుగుతుంటే నేను కాగితాల్ని కాపాడుకుంటున్నాను. నా పొట్టకు ఆనుకొని పుస్తకం చెమటకు తడుస్తోంది.

అమ్మ ఉప్పూ మిరపకాయలూ తెచ్చి చుక్కకు దిష్టి తీసింది. మిరపకాయలు నిప్పుల్లో వేసినా ఘాటు రాలేదని, దిష్టి గట్టిదేనని ఇంకా బెదిరిపోయింది. "గుడికి రమ్మంటె కడుపునొప్పని పండుకున్నది. అమ్మకు కోపం రాదా మరి?" అని నన్ను చూసి కళ్లొత్తుకుంది. ఆమె ఊరికే బాధలో అన్న మాట. నేను మాత్రం ఆ మాట నమ్మేశాను. నిజంగానే అమ్మవారు నన్ను చూస్తోందని, ఇవాళ చుక్కను, రేపు దూడను, ఆ తర్వాత నన్ను తీసుకుపోతుందని అనిపించింది. బయట ఘటాల ఊరేగింపుకు డప్పులు మొదలయ్యాయి. ఏటా ఆ డప్పులకు గల్లీ చివరిదాకా ఎగిరే నేను ఆ రోజు చెవులు మూసుకొని గోడకు ఆనుకుని కూర్చున్నాను.

ఊరేగింపుతో బాటలన్నీ బంద్. పశువుల డాక్టరు కోసం సైకిలు మీద వెళ్లిన బాపు ఎంతకీ రాడు. తాత ఒక్కడే చుక్క దగ్గర కూర్చున్నాడు. దాని పొట్ట మీద పిడికిలితో నొక్కి చూశాడు. నోరు తెరిచి వాసన చూశాడు. తొట్టి అడుగున వేలు పెట్టి గీరాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. కాసేపటికి మళ్లీ చూశాడు. ఆయన ఏమీ అడగలేదు, అదే నాకు మరీ భయం. బాపులా గద్దిస్తే ఏడ్చి బయటపడేదాన్నేమో.

మిట్టమధ్యాహ్నానికి డాక్టరు చెమటలు కక్కుతూ వచ్చాడు. ఆయనది ఉర్దూ, తెలుగు సగం సగం వచ్చు. పొట్ట మీద తట్టి, "క్యా ఖిలాయే?" అన్నాడు. "గడ్డి, తవుడు సార్, రోజు పెట్టేదే" అన్నాడు బాపు. అయితే గాలి పట్టిందేమో, పొట్టలో పొడిచి గాలి తీయాలి అంటూ డాక్టరు సంచిలోంచి పిడి ఉన్న పొడవాటి ఇనుప మేకు లాంటిది తీశాడు. నా చిటికెనవేలంత లావుంది అది. దాన్ని మందునీళ్లతో కడుగుతున్నాడు. నేను లేచి నిలబడ్డాను. గాలి కాదు, అన్నం అని అరవాలి. నోరు తెరిచాను. గొంతులో తడి లేదు, మాట లేదు. బాపు చుక్క మెడ గట్టిగా పట్టుకున్నాడు.

అప్పుడు మా తాత అన్నాడు, "ఆగుండ్రి సార్. అది అన్నం తిన్నది. నేనే పెట్టిన."

బాపు మెడ వదిలేసి తాత వైపు చూశాడు. డాక్టరు చెయ్యి ఆగింది. ఎంత పెట్టావని అడిగాడు. ఆ సంగతి తాతకు ఎలా తెలుస్తుంది? ఆయన నెత్తి గోక్కున్నాడు.

"నిన్న గుడి కాడికెళ్లి నడుమ ఇంటికొచ్చిన సార్, బీడీలు మర్సిపోయిన. అన్నం ఉంటే పెట్టి పోయిన. వయసు మీద పడ్డది, యాదికొస్తలేదు. నా మనుమరాలు పక్కనే ఉండె." ఇలా అని మెల్లగా నా వైపు తిరిగాడు. "చెప్పు బిడ్డా. నేనెంత పెట్టిన?"

ఆ ఒక్క ప్రశ్నతో ఆయన నాకు ఒక తలుపు తీశాడు. నా తప్పు చెప్పనక్కర్లేదు, నిజం చెబితే చాలు.

"రెండు బకెట్లు, తాతా."

"రెండు బకెట్లు!" అని డాక్టరు నెత్తి కొట్టుకున్నాడు. మేకు సంచిలో పెట్టేశాడు. అన్నం లోపల పులిసిపోయింది, పొడిస్తే లాభం లేదు, పైగా ప్రమాదం అన్నాడు. ఏదో సూది వేసి, బకెట్టెడు నీళ్లలో తినే సోడా కలిపించి, ఊపిరితిత్తుల్లోకి పోకుండా వెదురు గొట్టంతో మెల్లమెల్లగా తాగించాడు. పొద్దుగూకేలోపు నెమరు వేస్తే బతికినట్టు, లేకపోతే ఇంక చేసేదేమీ లేదని చెప్పి వెళ్లిపోయాడు.

ఆయన గడప దాటాడో లేదో బాపు విరుచుకుపడ్డాడు. ఊరేగింపు చూడ్డానికి వచ్చిన జనం మా వాకిట్లోనే ఉన్నారు. "యాభై ఏండ్ల సంది బర్రెలను సాదినవ్. రెండు బకెట్లు పెడ్తరా ఎవరన్నా? మతి ఉన్నదా నీకు? పొద్దుగాల్ల సంది అడుగుతున్న గద, నోట్ల ఏం పెట్టుకున్నవ్?" అని కన్నతండ్రిని నలుగురిలో కడిగేశాడు. మా తాత తల వంచుకొని నిలబడ్డాడు. "తప్పయింది కొడుకా" అన్నాడు. ఆయన తలపాగా చివర నేల మీద జీరాడుతోంది. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. ఒక్క మాటతో ఆ తిట్లన్నీ ఆపగలను. ఆపలేదు.

ఆ సాయంత్రం దాకా చుక్క నోటి వైపే చూస్తూ కూర్చున్నాను. అమ్మవారికి మొక్కుకున్నాను. ఆ పుస్తకం రాసినాయనకు కూడా మొక్కుకున్నాను, ఎందుకంటే బర్రె పోతే ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. చుక్క కళ్లు మూసినప్పుడల్లా దాని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసేదాన్ని. వాకిట్లో ఎండ జరిగి జరిగి గోడెక్కింది. అప్పుడు దాని గొంతులో ఏదో చిన్న ఉండ పైకి కదిలినట్టు కనిపించింది. దవడ ఒకసారి పక్కకు తిరిగింది, ఇంకోసారి తిరిగింది. "వేస్తున్నది!" అని అమ్మ అరిచింది. నేను అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. చుక్క బతికిందని ఏడుస్తున్నానని అందరూ అనుకున్నారు.

గండం గడిచిన బర్రెను అమ్మకూడదని అమ్మ పట్టుబట్టడంతో చుక్క మా ఇంట్లోనే ఉండిపోయింది. పాలు మాత్రం ఆ ఈతకు మళ్లీ సరిగా రాలేదు. మర్నాటి నుంచి బాపు తాత చేతిలోంచి దాణా బకెట్టు తీసేసుకున్నాడు. "ఇగ నువ్వు కూసో, నేను చూసుకుంట" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. నా ఊహ తెలిసినప్పటి నుంచి పొద్దునే లేచి దాణా కలిపే మనిషి వాకిట్లో నులకమంచం మీద కూర్చొని, కొట్టం వైపు చూస్తూ చేతులు ఒకదానితో ఒకటి రుద్దుకునేవాడు. నాకు ఆ చేతుల వైపు చూడాలంటే భయం. మూడు రోజులు ఆయన కంటపడకుండా తిరిగాను.

నాలుగో రోజు ఆయనే పిలిచాడు. బాపు పాలు పొయ్యడానికి వెళ్లిన వేళ చూసుకొని పిలిచాడు. "లంగల దాసినవ్ గద, తియ్యి" అన్నాడు. చచ్చాననుకొని పుస్తకం తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని తలకిందులుగా పట్టుకొని కాసేపు తిప్పి, మళ్లీ నాకే ఇచ్చాడు. "నీకు మంచిగ అనిపించేది సదువు" అన్నాడు. నల్ల మహిషి పోయిన చోటు చదివాను. తాత కొట్టంలోని బర్రెల వైపు చూశాడు. తర్వాత "గీ మనిషి బర్రెను పిండినోడే" అన్నాడు. అప్పుడు అన్నం గురించి రాసిన చోటు చదవమన్నాడు. చదివాను.

"తర్వాత?"

"తర్వాత ఈగల గురించి తాతా."

"గట్లెట్లయితది? బర్రె పోతే బువ్వ ముట్టనోడు, ఎంత పెట్టాల్నో చెప్పకుంట ఈగల కాడికి పోతడా? మల్ల చూడు."

చూశాను. ఈ పేజీ అంకె అరవై రెండు, పక్కది అరవై అయిదు. నడుమ ఒక కాగితం ఊడిపోయిన చోట దారం మాత్రం మిగిలి ఉంది. ఆ పుస్తకాన్ని ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు, ఒక్కసారీ అంకెలు చూసుకోలేదు. అక్షరం ముక్క రాని మా తాత ఒక్కసారి విని పట్టేశాడు. నేను ఆ రాసినాయనను ప్రేమించానే గాని, తాత నమ్మినట్టు ఆయన్ని నమ్మలేదు. నా మొహం చూసి తాత నవ్వాడు.

"నువ్వొక్కదానివే సదివితే నీకు తోచిందే రైటు అనుకుంటవ్. నాకు గూడ జెర సదివి పెట్టు. నాకు తెల్వంది నాకు ఎరుకైతది, నీకు తెల్వంది నీకు ఎరుకైతది."

అంతసేపూ బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది. బాపుకు నిజం చెప్పేస్తాను తాతా అన్నాను. ఆయన నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు.

"భయమైతున్నదా?"

"అయితున్నది."

"అయితే ఇప్పుడొద్దు. భయం పోయినంక చెప్పు. నాకేం ఫికర్ లేదు."

ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం వాకిట్లో నులకమంచం మీద మా చదువు సాగింది. తాత ఆ రాసినాయనతో మస్తు కొట్లాడేవాడు. "గీ పొగకు ఈగలు పోవు, వేపాకు ఎయ్యమను" అనేవాడు. ఒక్కోసారి "అబ్బ, కరెక్టు చెప్పిండు" అని తొడ చరిచేవాడు. ఊడిపోయిన కాగితం బదులు తాత చెప్పింది నేను నోటుపుస్తకంలో రాసి ఆ చోట కుట్టాను. మా లొల్లి విని పాల కోసం వచ్చినవాళ్లు కూడా ఆగి కూర్చునేవాళ్లు. బాపు చూశాడు. తండ్రికి పొద్దుపోతోంది కదా అనుకున్నాడో ఏమో, పొయ్యి మాట మళ్లీ ఎత్తలేదు. నా పుస్తకం గల్లీ పుస్తకం అయిపోయింది. కానీ ఆ సంతోషంలో ఒక ముల్లు ఉండేది. తాతకు నా చదువు వినే తీరిక వచ్చింది ఆయన చేతి పని నా వల్ల పోయింది కనుకనే.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా తాత పోయాడు. దాణా బకెట్టు మళ్లీ ఆయన చేతికి రానేలేదు. మా ఇంట్లో మాత్రం ఒక సామెత మిగిలిపోయింది. ఎవరైనా ప్రేమ కొద్దీ పిచ్చిపని చేస్తే, "తాత బర్రెకు అన్నం పెట్టినట్టే ఉన్నది నీ కథ" అంటారు. బాపు తన ముసలితనంలో మనవలకు ఆ కథ చెప్పి పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాడు. నేనూ పక్కనే కూర్చొని నవ్వేదాన్ని. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. జుట్టు నెరిసిన ఆడదాన్ని, మనవలున్నదాన్ని, ఆయన నన్నేం చేస్తాడు? అయినా ఆయన నా వైపు తిరిగేసరికి గొంతు ఆ రోజులాగే ఎండిపోయేది. బాపు కూడా ఆ నవ్వుతోనే వెళ్లిపోయాడు.

ఇప్పటికీ నాకు ఎవరూ వినని పుస్తకాలే దొరుకుతాయి, వాటి మీదే మనసు పోతుంది. కానీ ఏ పుస్తకాన్నీ ఒక్కదాన్నే దాచుకొని చదవను. ఎవరో ఒకరిని కూర్చోబెట్టుకొని చదువుతాను, వాళ్లు "తర్వాత?" అని అడిగేదాకా నాకు నమ్మకం కుదరదు. తప్పు చేసి నోరు పెగలక నిలబడ్డ పిల్లలు కనబడితే ఎందుకు చేశావని గద్దించను, ముందు చెప్పుకునే దారి చూపిస్తాను. ఇవన్నీ మా తాత ఇచ్చినవే.

భయం పోయినంక చెప్పమన్నాడు ఆయన. డెబ్బై ఏళ్లు దగ్గర పడ్డాయి, అది పోయే జాడ లేదు. పోకపోయినా చెబుతున్నాను. చుక్కకు అన్నం పెట్టింది తాత కాదు, బాపూ. నేను.